పలకల ఊరికి మీరు బాకీ ఉన్నారు: మార్కాపురం నుంచి బహిరంగ లేఖ

జిల్లా కలెక్టర్ గారికి, రాష్ట్ర గనుల, కార్మిక, వైద్య ఆరోగ్య, పాఠశాల విద్య, దేవదాయ, పర్యాటక శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారాలు.

మార్కాపురం పలకల పరిశ్రమ గురించి, గుండ్లకమ్మ నది గురించి, ఆ పనిలో ఆరోగ్యం పోగొట్టుకున్నవాళ్ల గురించి మేము కొందరం కలిసి ఒక అర్జీ రాసి ఇచ్చాం. మాలో ఉపాధ్యాయులున్నారు, గనుల్లో పనిచేసి వయసుడిగిన పెద్దలున్నారు, పలకలకు చట్రాలు బిగించి పిల్లల్ని పెంచిన తల్లులున్నారు. అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. కొన్నాళ్లకు మా ఫోనుకు సందేశం వచ్చింది, మీ అర్జీ పరిష్కారమైందని. ఏమి పరిష్కారమైందో తెలుసుకుందామని వెళ్లి అడిగితే, కాగితాన్ని వేరే శాఖకు పంపించామనీ, పంపించడంతో తమ వరకు అది ముగిసినట్టేననీ చెప్పారు. ఆ రెండో శాఖకు వెళ్తే అలాంటి కాగితమే తమకు అందలేదన్నారు. అర్జీ మాత్రం కంప్యూటర్‌లో ఇప్పటికీ పరిష్కారమైనట్టే కనిపిస్తోంది.

ఏ ఒక్క ఉద్యోగి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మా మాట వినాల్సిన శాఖలు ఆరు ఉన్నాయి. ఒకరు మరొకరి వైపు చూపిస్తున్నారు. కాబట్టి ఆరుగురికీ ఒకేసారి, పదిమంది ఎదుట, ఉన్న విషయం చెప్పదలచుకున్నాం.

ఇక్కడి పర్యాటకం గురించి మాట వచ్చినప్పుడల్లా గుడి పేరు వస్తుంది, చెరువు పేరు వస్తుంది. అవి రావాల్సినవే. పలక పేరు మాత్రం ఉపన్యాసంలో ఒక వాక్యంగా వచ్చి వెళ్లిపోతుంది. ఈ ఊరి చరిత్రను చూపించి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలంటే ముందు ఆ చరిత్రను మోసినవాళ్ల లెక్క తేల్చాలి. మేము అడుగుతున్నది ఇదే. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు ఊరి సంగతి. మార్కాపురం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. నల్లమల కొండలకు తూర్పున, గుండ్లకమ్మ పరీవాహకంలో ఉన్న మెట్ట ప్రాంతం. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం దగ్గర చెరువై నిలిచి, అక్కడి నుంచి ఈశాన్యంగా మా ప్రాంతం మీదుగా సాగి, తర్వాత ఆగ్నేయానికి తిరిగి అద్దంకి మీదుగా ఒంగోలు సమీపంలో సముద్రంలో కలుస్తుంది. ఊరి నడుమ లక్ష్మీ చెన్నకేశవస్వామి ఆలయం విజయనగర కాలపు శిల్పకళతో నిలబడి ఉంది. ఆ మండప స్తంభాల ముందు నిలబడితే రాతితో ఈ నేలకున్న సంబంధం పలకలతో మొదలైంది కాదని తెలుస్తుంది.

ఊరి చుట్టూ భూమి కింద ఉన్నది పలకరాయి. కడప శిలా సముదాయంలో నల్లమల వర్గానికి చెందిన ఈ పొరలు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. ఒకప్పటి సముద్రపు అడుగున పేరుకున్న మెత్తటి బురద, భూమి ఒత్తిడికి నలిగి, పొరలు పొరలుగా చీలే రాయిగా మారింది. ఆ చీలే గుణమే ఈ ఊరికి అన్నం పెట్టింది.

చీల్చే పనిని దగ్గర నుంచి చూడనివాళ్లకు అది మొరటు పనిలా అనిపిస్తుంది. రాయి గనిలో నుంచి వచ్చాక పచ్చిగా ఉండగానే చీల్చాలి. ఎండబెట్టేస్తే పొర సరిగా విడదు, అడ్డంగా పగులుతుంది. పనివాడు దిమ్మను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, అంచున సన్నటి ఉలి ఆనించి, సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతాడు. గట్టిగా కొట్టడు. చెవి రాయి మీదే ఉంటుంది. చప్పుడు మారిందంటే లోపల పొర కదిలిందన్నమాట. అప్పుడు ఉలిని కాస్త వాల్చితే దిమ్మ రెండుగా తెరుచుకుంటుంది. లోపలి ముఖం నల్లగా, చల్లగా, కాస్త తడిగా ఉంటుంది. ఆ రెండింటిని మళ్లీ రెండు చేయాలి, వాటిని మళ్లీ రెండు, పలక మందం వచ్చేదాకా. తర్వాత కొలతకు కోత, రెండు ముఖాలకూ నునుపు, చుట్టూ చెక్క చట్రం. ఇన్ని చేతులు మారాక అది ఒక పిల్లవాడి ఒళ్లోకి చేరుతుంది.

దేశంలో ఎక్కడెక్కడి బళ్లకో మార్కాపురం పలకలు వెళ్లాయి. మార్కాపూర్ రోడ్డు స్టేషన్ నుంచి రైళ్లలో, ఊళ్లో నుంచి లారీల్లో వెళ్లాయి. తర్వాత నోటు పుస్తకం చౌకైంది. రేకు పలక వచ్చింది, ప్లాస్టిక్ పలక వచ్చింది. కింద పడినా పగలదు, బరువుండదు అన్నారు. రాతి పలకకు గిరాకీ తగ్గిపోయింది. అదే రాయిని నేలకూ గోడలకూ పరిచే బిళ్లలుగా కోసి విదేశాలకు పంపడం మొదలయ్యాక కొన్నేళ్లు ఊరు మళ్లీ కళకళలాడింది. ఆ వ్యాపారం కూడా కొనేవాళ్ల దేశాల పరిస్థితిని బట్టి లేస్తుంది, పడుతుంది. గనులు లోతుకు పోయాయి. పై మట్టి తీయడానికి ఖర్చు పెరిగింది, కరెంటు బిల్లు పెరిగింది. ఒక్కొక్క యూనిట్ మూతబడుతూ వచ్చింది. ఆ షెడ్లలో పనిచేసినవాళ్ల పిల్లలు ఇవాళ హైదరాబాద్‌లో, బెంగళూరులో కట్టుబడి పనుల్లో ఉన్నారు.

ఈ చరిత్రలో దాచకూడని పేజీ ఇంకొకటి ఉంది. బడికి వెళ్లే పిల్లల కోసం పలకలు చేసిన ఈ ఊళ్లో, బడికి వెళ్లాల్సిన పిల్లలు చాలామంది ఆ పలకల షెడ్లలోనే పెరిగారు. 1986లో బాల కార్మిక చట్టం వచ్చాక, ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలూ ఉపాధ్యాయులూ పోరాడాక, ఆ పరిస్థితి చాలావరకు మారింది. అయితే ఆనాడు ఆ దుమ్ములో కూర్చున్న పిల్లలే నేడు నలభైల్లో, యాభైల్లో ఉన్న మనుషులు. వాళ్ల ఊపిరితిత్తులకు ఆ చట్టం వెనక్కి వెళ్లి రక్షణ ఇవ్వలేదు.

ఇక మా కోరికలు.

1. దుమ్ముతో జబ్బుపడినవాళ్లను లెక్కించండి.

పలకరాయిని కోసినప్పుడు, నునుపు చేసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కనపడనంత సన్నటిది ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ కణజాలం గట్టిపడి మచ్చలు కడుతుంది. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. పని మానేసినా, ఊరు విడిచి వెళ్లినా జబ్బు ముదురుతూనే ఉండవచ్చు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ సోకే ప్రమాదం కూడా ఎక్కువ.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు: రెండు జబ్బులూ పైకి ఒకేలా కనిపిస్తాయి. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. చిన్నతనం నుంచి కోత మిషన్ దగ్గరే పనిచేశారు. క్షయ అని చెప్పి మందులిచ్చారు, పూర్తిగా వాడారు. కొన్నాళ్లకు మళ్లీ ఆయాసం వచ్చింది, మళ్లీ అవే మందులు ఇచ్చారు. ఆయన దగ్గర ఎక్స్‌రే ఫిల్ములన్నీ ఒక బట్టల షాపు సంచిలో భద్రంగా ఉన్నాయి. ఎవరైనా చదువుకున్నవాళ్లు ఇంటికి వస్తే ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుగుకు పట్టి చూపిస్తారు. ఆ సంచిలోని ఓపీ చీటీలన్నీ తిరగేసి చూశాను. పేరు ఉంది, వయసు ఉంది, బరువు ఉంది, రక్తపోటు ఉంది. ఆయన ఏమి పని చేసేవారో ఒక్క చీటీలోనూ లేదు. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా సిలికోసిస్‌ను ఏ డాక్టరూ నిర్ధారించలేరు. ఊపిరితిత్తుల మచ్చ రాతి దుమ్ముతో వచ్చిందని తేల్చడానికి ఎక్స్‌రే ఎంత అవసరమో పని చరిత్ర అంతే అవసరం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి (కోడ్)లోనూ ఉంది. అంటే డాక్టరు గుర్తిస్తే చెప్పి తీరాలి. గుర్తించకపోతే చెప్పడానికేమీ ఉండదు. లెక్కల్లో జబ్బు లేదు కాబట్టి ఊళ్లోనూ లేదని అనుకోవడం సులువు. ఆ సులువుకు మూల్యం చెల్లిస్తున్నది మా ఇళ్లలోని ఆడవాళ్లు. భర్త మంచాన పడితే కూలికి వెళ్లేది ఆమె, ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆమె, అప్పు తీర్చేది ఆమె. భర్త పోయాక ధ్రువపత్రంలో క్షయ అనో, శ్వాస సంబంధమైన సమస్య అనో రాసి ఉంటుంది. ఆ కాగితంతో ఆమెకు ఏ పరిహారమూ రాదు.

కాబట్టి మార్కాపురం, చుట్టుపక్కల గనుల గ్రామాల్లో, పలకల పనిలో ఉన్నవాళ్లకూ ఒకప్పుడు ఉండి మానేసినవాళ్లకూ ఇంటింటి సర్వే జరపాలి. ఎక్స్‌రే, శ్వాస సామర్థ్య పరీక్ష ఊళ్లోనే చేయాలి. ఫిల్మును చదవడానికి వృత్తి వ్యాధుల్లో శిక్షణ ఉన్న డాక్టర్లను పంపాలి. ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ చీటీలో 'చేసిన పని' అనే గడి పెట్టించాలి. ఈ చివరిదానికి నిధులు కూడా అక్కరలేదు. ఒక ఉత్తర్వు చాలు.

2. సిలికోసిస్ బాధితులకు రాష్ట్ర స్థాయిలో సాయం విధానం తీసుకురండి.

ఇది ఎవరూ చేయని పని కాదు. పలక బలపాల తయారీకి పేరున్న మధ్యప్రదేశ్‌లోని మందసౌర్ కార్మికులు ఇదే దుమ్ముతో కుప్పకూలితే, ఆ రాష్ట్రం 1982లోనే వాళ్ల కోసం ప్రత్యేకంగా సంక్షేమ నిధి చట్టం చేసింది. రాజస్థాన్ 2019లో సిలికోసిస్ విధానం ప్రకటించింది. జబ్బు నిర్ధారణ కాగానే 3 లక్షల రూపాయలు, బాధితుడు మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు, వీటికి తోడు నెల పింఛను ఇస్తోంది. అక్కడి రాతి కార్మికుడి ఊపిరితిత్తులకు ఉన్న విలువ మా ఊరి కార్మికుడి ఊపిరితిత్తులకు ఎందుకు లేదు?

పలక పరిశ్రమకు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ పేరున్న చోటు బ్రిటన్‌లోని వేల్స్. అక్కడి పలక గనుల ప్రాంతానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మన పర్యాటక అధికారులకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1979లో, ఆ గని కార్మికుల పోరాటం వల్ల దుమ్ము జబ్బుల పరిహార చట్టం అక్కడి పార్లమెంటులో వచ్చింది. యజమాని కంపెనీ మూతపడిపోయినా, నష్టపరిహారం అడగడానికి ఎవరూ మిగలకపోయినా, ప్రభుత్వమే చెల్లించేలా ఆ చట్టం చేశారు. మార్కాపురం పరిస్థితి అచ్చంగా అదే. మూతబడిన యూనిట్ల యజమానులు కొందరు పోయారు, కొందరు ఊరు విడిచిపోయారు, కొందరు అప్పుల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది కార్మికుల పక్కనే కూర్చుని అదే దుమ్ము పీల్చిన చిన్న యజమానులు. ఎవరి మీద దావా వేయమంటారు?

3. ఇంకా నడుస్తున్న షెడ్లలో దుమ్మును ఆపండి.

ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది కార్మికులుంటేనే వర్తించేది. కొత్త స్మృతి ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. మా ఊరి షెడ్లలో ఎక్కువ భాగం దానికి లోపే ఉంటాయి. చట్టం తలుపు దగ్గరే ఆగిపోతుంది, దుమ్ము మాత్రం లోపలే ఉంటుంది. ప్రమాదకరమైన పని అని ప్రకటిస్తే తక్కువమంది ఉన్న చోటుకూ చట్టాన్ని వర్తింపజేసే అధికారం ప్రభుత్వాలకు ఉంది. ఆ అధికారాన్ని వాడండి.

వాడేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. తనిఖీ పేరుతో షెడ్లు మూయిస్తే సాయంత్రానికి పొయ్యి వెలగని ఇళ్లు ఉన్నాయి. మాకు కావలసింది తాళాలు కాదు. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు ధారగా పడే ఏర్పాటు, దుమ్మును పుట్టిన చోటనే లాగేసే గొట్టాలు, సరైన మాస్కులు కావాలి. వీటికి చిన్న యజమాని ఒక్కడే పెట్టుబడి పెట్టలేడు. ప్రభుత్వం రాయితీ ఇవ్వాలి, ఏడాదికోసారి దుమ్ము కొలవాలి, ఆ కొలత అంకె షెడ్డు గోడ మీద తెలుగులో రాసి ఉండాలి.

4. రాతి పలకను బడికి తిరిగి తీసుకురండి.

ప్రభుత్వం ప్రతి సంవత్సరం బడి పిల్లలకు సంచి, పుస్తకాలు, బూట్లు, బెల్టు ఉన్న కిట్లు ఇస్తోంది. అంగన్‌వాడీలకూ ఒకటో తరగతికీ ఇచ్చే సామగ్రిలో ఒక మార్కాపురం పలక చేర్చండి. ఉపాధ్యాయుడిగా చెబుతున్నాను, అక్షరాలు నేర్చుకునే వయసులో పిల్లవాడికి భయం లేకుండా తప్పు రాసే చోటు కావాలి. కాగితం మీద కొట్టివేత అలాగే ఉండిపోతుంది, పిల్లలు దాన్ని చూసి సిగ్గుపడతారు. పలక మీద తుడిచేస్తే పోతుంది. పైగా బలపం రాతి మీద కాస్త ఒరుసుకుంటూ కదులుతుంది. చేతికి పట్టు వస్తుంది. ప్లాస్టిక్ మీద జారిపోతుంది. ఒక రాతి పలకను జాగ్రత్తగా వాడితే అన్న తర్వాత తమ్ముడికి, తమ్ముడి తర్వాత చెల్లెలికి వస్తుంది. ఎన్ని నోటు పుస్తకాల ఖర్చు తగ్గుతుందో విద్యా శాఖ లెక్క వేసుకోవచ్చు.

పగిలితే పిల్లలకు గుచ్చుకుంటుందని అంటారు. చట్రం గట్టిగా బిగించి, మూలలకు రేకు కొట్టిన పలకలు ఈ ఊళ్లో చేయగల చేతులు ఇంకా ఉన్నాయి. నాణ్యత ప్రమాణాలు మీరే రాయండి.

దేవదాయ శాఖకు విడిగా ఒక మాట. ప్రభుత్వ ఆధీనంలో ఉన్న ఆలయాల్లో ఏటా ఎన్నో అక్షరాభ్యాసాలు జరుగుతాయి. తల్లిదండ్రులు గుడి బయట అంగట్లో దొరికిన పలక కొనుక్కొస్తారు, ఎక్కువసార్లు అది ప్లాస్టిక్‌దే. అక్షరాభ్యాసం టికెట్టుతో పాటే ఒక మార్కాపురం పలక ఇచ్చే ఏర్పాటు చేయండి. బిడ్డ మొదటి అక్షరం దిద్దిన పలకను ఇంట్లో చాలామంది దాచుకుంటారు, అది రాతిదైతే ముప్ఫై ఏళ్లు ఉంటుంది. ఆ పలకలు చేసే పనిని మూతబడిన షెడ్లలో పనిచేసిన మహిళల సంఘాలకు ఇస్తే, దుమ్ము జాగ్రత్తలతో సహా, ఎన్ని ఇళ్లు నిలబడతాయో మాకు తెలుసు.

5. సీనరేజి (గనుల్లో తీసిన ఖనిజం మీద ప్రభుత్వం వసూలు చేసే రుసుము) సొమ్ములో ఊరి వాటా ఊరికే రావాలి.

2015 ఫిబ్రవరిలో కేంద్రం 31 ఖనిజాలను చిన్న తరహా ఖనిజాలుగా ప్రకటించింది. వాటిలో పలకరాయి కూడా ఉంది. అప్పటి నుంచి దీని మీద నిబంధనలు చేసే అధికారం రాష్ట్రానిదే, వసూళ్లు రాష్ట్రానివే. కేంద్రం మీదికి నెట్టే వీలు లేదు. గనుల నుంచి వచ్చే సొమ్ములో కొంత ఆ గనుల వల్ల దెబ్బతిన్న మనుషుల తాగునీటికి, వైద్యానికి, పర్యావరణానికి ఖర్చు పెట్టాలన్నది జిల్లా ఖనిజ నిధి ఉద్దేశం. మార్కాపురం ప్రాంతం నుంచి ఏ సంవత్సరం ఎంత వసూలైంది, తిరిగి ఈ ప్రాంతానికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చైంది అన్న వివరాలు మున్సిపల్ కార్యాలయం బోర్డు మీద పెట్టండి.

పాత గనుల గోతులకు కంచె లేదు. వర్షం పడితే నీళ్లు నిలిచి లోతు తెలియదు, ఒడ్డు జారుతుంది, పశువులు కాసే పిల్లలు అటే తిరుగుతారు. గోతుల పక్కనే పగిలిన పలకరాళ్ల గుట్టలున్నాయి. కంచె వేయడానికీ, ఆ ముక్కలను రోడ్ల అడుగు పొరకో, ఇటుకలకో వాడే పని మొదలుపెట్టడానికీ ఆ నిధిలోని డబ్బు వాడండి.

6. గుండ్లకమ్మను నదిలా చూడండి.

నది పక్కన ఉన్న ఊరు అని పుస్తకాల్లో ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ రోజులు మాకు నీళ్లు ట్యాంకర్లలో వస్తాయి. మా ప్రాంతంలో బోరు వేస్తే చాలాచోట్ల ఫ్లోరైడ్ నీళ్లే పడతాయి. వర్షాకాలంలో నాలుగు రోజులు గుండ్లకమ్మ పొంగుతుంది, తర్వాత ఇసుక కనిపిస్తుంది, ఇసుక కనపడితే లారీలు కనిపిస్తాయి. ఇసుక ఎంత తీయాలో, ఎక్కడ తీయకూడదో హద్దురాళ్లు పాతి చెప్పండి. ఊరి మురుగు శుద్ధి చేయకుండా వాగుల్లోకి వదలకండి.

శ్రీశైలం నుంచి నల్లమల కొండను తొలిచి 43.5 టీఎంసీల నీళ్లు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. రెండు సొరంగాల తవ్వకమూ 2024 నాటికి పూర్తయింది. సొరంగం తవ్వితే నీళ్లు వచ్చినట్టు కాదు. నిర్వాసితులకు పరిహారం, కాలువల పనులు పూర్తయ్యే తేదీ చెప్పండి. దీని గురించి మాకన్నా గట్టిగా అడుగుతున్నవాళ్లు ఉన్నారు కాబట్టి ఇంతకన్నా రాయను.

7. చూపించాల్సినవి చూపించండి, పలకతో సహా.

ఈ ప్రాంతానికి చూడదగ్గ చోట్లు లేక పర్యాటకం రావడం లేదనుకుంటే పొరపాటు. గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన కంభం చెరువు దాదాపు ఏడు కిలోమీటర్ల పొడవు, మూడున్నర కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దాన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం. కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువు నడుమ బాలా త్రిపురసుందరి, గుడి నిండా కాకతీయుల నాటి శాసనాలు ఉన్నాయి. నల్లమలలో గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి, దక్షిణాన చంద్రశేఖరపురం వైపు ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాల భైరవకోన ఉన్నాయి. శ్రీశైలం వెళ్లే యాత్రికులు ఏడాది పొడవునా దోర్నాల మీదుగా వెళ్తూనే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మార్కాపురంలో టీ తాగడానికే ఆగుతారు.

ఆ దారిలో ఒక పలకల మ్యూజియం పెట్టండి. కొత్త భవనం కట్టవద్దు. మూతబడిన షెడ్డు ఒకటి ప్రభుత్వం తీసుకుంటే చాలు. పాత కోత మిషన్, ఉలులు, చట్రాలు, బిల్లు పుస్తకాలు, ఎక్కడెక్కడికి పలకలు వెళ్లాయో తెలిపే చిరునామాల చీటీలు ఇంకా ఇళ్లల్లో అటకల మీద ఉన్నాయి. ఇంకొన్నేళ్లు పోతే పాతసామాన్ల బండికి వెళ్లిపోతాయి. అక్కడ గోడ మీద వేలాడదీసిన ఫొటోల కన్నా, కళ్ల ముందు రాయి చీల్చి చూపించే మనిషి ముఖ్యం. ఆ పని తెలిసిన పెద్దలకు గౌరవ వేతనం ఇచ్చి నియమించండి. వచ్చిన పిల్లవాడు తన ముందే చీలిన రాతి మీద తన పేరు రాసుకుని ఇంటికి తీసుకెళ్లనివ్వండి. చీల్చడంలో దుమ్ము తక్కువ. కోత, నునుపు పనులు మాత్రం తడి పద్ధతిలోనే చూపించాలి.

ఆ మ్యూజియంలో ఒక గదిలో ఎక్స్‌రేలు కూడా ఉండాలి. ఈ మాట కొందరు యజమానులకూ, ఊరికి పరువు తక్కువ అని భావించే కొందరు పెద్దలకూ నచ్చదని తెలుసు. వాళ్లతోనూ మాట్లాడాం. పలకల వల్ల ఈ ఊరికి వచ్చిన పేరు నిజం, దానికి కార్మికులు చెల్లించినదీ నిజమే. ఒకటి చూపించి మరొకటి దాచేటట్టయితే ఆ షెడ్డుకు తాళం వేసి ఉంచడమే నయం.

అధికారులారా, ఈ ఏడు అంశాల్లో కొన్నిటికి సమయం పడుతుందని మాకు తెలుసు. నది ఒక్క ఏడాదిలో బాగుపడదు, విధానం రాయడానికి చర్చలు కావాలి. కానీ ఇంటింటి సర్వేకూ ఓపీ చీటీలో గడికీ కారణాలు చెప్పడానికి వీల్లేదు. జబ్బుపడినవాళ్లకు ఎదురుచూసే సమయం లేదు.

మొదటి రెండు అంశాలపై రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఆ జవాబులో ఏ అధికారి బాధ్యత తీసుకుంటున్నారో హోదాతో సహా ఉండాలి, పరీక్షల శిబిరం ఏ తేదీన మొదలవుతుందో ఉండాలి. మా పాత అర్జీని కంప్యూటర్‌లో తిరిగి తెరిపించండి. శిబిరానికి బడి గదులు మేము ఖాళీ చేసి ఇస్తాం. పలకల పనిచేసిన ఇళ్లు ఏ వీధిలో ఎన్ని ఉన్నాయో జాబితా రాయడం ఇప్పటికే మొదలుపెట్టాం. నడవలేనివాళ్లను ఆటోల్లో తీసుకొచ్చే బాధ్యత మాది. డాక్టర్లను, ఎక్స్‌రే వాహనాన్ని పంపడం మీది.

ఇట్లు,
పలకల కార్మికుల కుటుంబంలో పుట్టి, మార్కాపురం ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న ఒక పౌరుడు,
అర్జీపై సంతకాలు చేసిన కార్మిక కుటుంబాల తరఫున